జనం గూగుల్‌లో ఏమి వెతుకుతున్నారు? వరంగల్ ఉదాహరణలతో సమగ్ర మార్గదర్శి

"వరంగల్ జనం ఇంటర్నెట్‌లో ఎక్కువగా దేని గురించి వెతుకుతున్నారు?" అని నన్ను ఎవరో ఒకరు అడగని నెల లేదు. విత్తనాల దుకాణం పెట్టబోతున్నవారు అడుగుతారు. స్థానిక వార్తల చానల్ నడిపేవారు అడుగుతారు. ప్రాజెక్టు రాయాల్సిన డిగ్రీ విద్యార్థులు అడుగుతారు. ఏ మాటను జనం ఎప్పుడు ఎంతగా వెతికారో గీతగా చూపే గూగుల్ ట్రెండ్స్ ఉచితంగా దొరుకుతుందని వీరిలో చాలామందికి తెలుసు. తెరిచి, ఒక మాట కొట్టి, గీత లేచిందో పడిందో చూసి మూసేస్తారు. ఆ గీత కింద ఎవరి మాటలు ఉన్నాయో, ఎవరివి లేవో చూడరు.

పద్ధతిగా చేస్తే ఇది ఎంతో పనికొచ్చే విద్య. అందుకే ఒకే ప్రశ్నను పట్టుకుని చివరి వరకు నడుద్దాం: ఉమ్మడి వరంగల్ జిల్లా పత్తి రైతుకు ఏ నెలలో ఏ సమాచారం అవసరమవుతోంది? మధ్యలో మేడారం జాతర, రైతు భరోసా లాంటివి కూడా వస్తాయి. మీ ప్రశ్న వేరే అయినా వరుస మాత్రం ఇదే.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి:

- కంప్యూటర్. ఫోనులోనూ ట్రెండ్స్ తెరుచుకుంటుంది, కానీ పట్టికలు పక్కపక్కన పెట్టి చూడటానికి చిన్న తెర చాలదు.
- తెలుగులో టైపు చేసే సదుపాయం.
- ఒక నోటుపుస్తకం, ఒక ఎక్సెల్ పట్టిక.
- మొదటి రోజు రెండు గంటలు. ఆ తర్వాత మరో రెండు రోజులు అరగంట చొప్పున. ఎందుకో అయిదో మెట్టులో చెబుతాను.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

ట్రెండ్స్ తెరవకముందే కాగితం మీద రాయండి. ఎవరి గురించి, ఏ ప్రాంతం, ఏ కాలం, తెలిస్తే మీరు ఏ నిర్ణయం తీసుకుంటారు అనే నాలుగూ ఆ వాక్యంలో ఉండాలి.

"పత్తి గురించి ఆసక్తి ఎలా ఉంది?" అనేది ప్రశ్న కాదు, దానికి జవాబు దొరకదు. "తెలంగాణలో గత మూడు పత్తి సీజన్లలో ధర గురించిన వెతుకులాట ఏ వారంలో మొదలైంది? దాన్ని బట్టి మా చానల్‌లో మార్కెట్ ధరల కార్యక్రమం ఎప్పుడు మొదలుపెట్టాలి?" అని రాస్తే ఏ మాటలు వెతకాలో, ఎంత కాలం చూడాలో వాక్యమే చెబుతుంది.

2. జనం నిజంగా కొట్టే మాటలు సేకరించండి

మొత్తం పనిలో సగం ఇక్కడే ఉంది. తొందరపడి దాటేస్తే మిగిలినదంతా వృథా.

మనం రాసే మాట వేరు, జనం పలికే మాట వేరు, వేలు కొట్టే మాట వేరు. హనుమకొండలో ఇంటర్నెట్ కేంద్రం నడిపే మిత్రుడి పక్కన ఒక నవంబరు ఉదయం కూర్చుని ఇది కళ్లారా చూశాను. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశారు. అందులో పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, నాలుగు మడతలు పెట్టిన తక్‌పట్టీ (పత్తి అమ్మినప్పుడు ఇచ్చే చీటీ) ఉన్నాయి. "పత్తి పైసలు పడ్డాయా చూడు తమ్ముడూ" అన్నారు. మిత్రుడు కొట్టింది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో "సీసీఐ పేమెంట్ స్టేటస్". సీసీఐ అంటే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ. పెద్దాయన మాటలోని పత్తీ లేదు, పైసలూ లేవు, పడటమూ లేదు. మధ్యాహ్నం దాకా వచ్చిన మరో పదిహేను మందికీ అదే మాట కొట్టాడు.

ఇందులో రెండు సంగతులు గమనించండి. పల్లె మనిషి అవసరం కౌంటర్ వెనక కూర్చున్న కుర్రవాడి మాటల్లో నమోదవుతోంది. పైగా, ఒకే వ్యక్తి కొద్దిసేపట్లో పదేపదే చేసిన వెతుకులాటను ట్రెండ్స్ లెక్కలోంచి తీసేస్తుంది. అంటే పదిహేను మంది రైతుల అవసరం అక్కడ ఒక్కటిగా మిగిలిపోవచ్చు. మాటల జాబితా రాసేటప్పుడు ఆ పెద్దాయన మాటా ఉండాలి, మిత్రుడి మాటా ఉండాలి.

జాబితా ఇలా కట్టండి:

- తెలుగు లిపిలో: పత్తి ధర, పత్తి రేటు, పత్తి ధర ఈరోజు, పత్తి తేమ శాతం, గులాబీ రంగు పురుగు.
- తెలుగు మాటే ఇంగ్లీషు అక్షరాల్లో: "patti dhara", "patti rate". ఒకే మాటను నాలుగు రకాలుగా రాస్తారు, నాలుగూ రాసుకోండి.
- ఇంగ్లీషు మాటలు: కాటన్ రేట్ టుడే, కాటన్ ప్రైస్ వరంగల్, సీసీఐ.
- ఊరి పేర్లు: వరంగల్ పత్తి మార్కెట్ ఉన్న చోటును ఎనుమాముల అని, ఏనుమాముల అని తెలుగులోనే రెండు రకాలుగా రాస్తారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకా ఎక్కువ.

జాబితా పెంచుకోవడానికి గూగుల్ వెతుకు పెట్టె తానే సాయం చేస్తుంది. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవండి, లేకపోతే మీ పాత వెతుకులాటలే సూచనలుగా ముందుకొస్తాయి. "పత్తి" అని కొట్టి ఆగండి. కింద వచ్చిన సూచనలు రాసుకోండి. తర్వాత "పత్తి అ", "పత్తి క", "పత్తి ధ" అంటూ ఒక్కో అక్షరం కలిపి చూడండి. యూట్యూబ్ పెట్టెలోనూ ఇదే చేయండి. రైతులు పురుగుమందు సంగతి చదవడం కంటే వీడియోలో చూడటానికే మొగ్గు చూపుతారని నా అనుభవం.

ఇక పేర్లు మారడం. మన రాష్ట్రంలో దీన్ని పట్టించుకోకపోతే గీత పచ్చి అబద్ధం చెబుతుంది. కొన్ని ముఖ్యమైనవి:

- 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్ అయింది. "వరంగల్ రూరల్" అనే మాట పడిపోతే ఆ జిల్లాపై ఆసక్తి పడిపోయినట్టు కాదు.
- 2018 మే నెలలో హుజూరాబాద్‌లో మొదలైన రైతుబంధు స్థానంలో 2025 జనవరి 26న రైతు భరోసా వచ్చింది. అయితే ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులోనే రైతు భరోసా పేరుతో వేరే పథకం మొదలైంది. దేశం మొత్తం ఎంచుకుంటే పాత సంవత్సరాల గీత గుంటూరు, కర్నూలు రైతులది కావచ్చు.
- 2020 అక్టోబరు 29న వచ్చిన భూరికార్డుల ధరణి పోర్టల్ స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది.
- 2024లో టీఎస్ అన్నవన్నీ టీజీ అయ్యాయి. టీఎస్‌పీఎస్‌సీ టీజీపీఎస్‌సీ అయింది, టీఎస్‌ఆర్టీసీ టీజీఎస్‌ఆర్టీసీ అయింది. ఆ ఏడాదే ఎంసెట్ ఈఏపీసెట్ అయింది. జనం నోట మాత్రం పాత పేరే నడుస్తోంది.

పరిష్కారం సులువు. రెండు పేర్ల మధ్య కూడిక గుర్తు పెట్టి ఒకే పెట్టెలో కొట్టండి: రైతుబంధు + రైతు భరోసా. అప్పుడు రెండింటిలో ఏది వెతికినా లెక్కలోకి వస్తుంది. విడిగా రెండు గీతలు కూడా చూసి, పాతది ఎక్కడ తగ్గి కొత్తది ఎక్కడ లేచిందో రాసుకోండి.

చివరగా, ఒకే అక్షరాలకు ఉన్న వేరే అర్థాలు ఏరివేయండి. ఇంగ్లీషు అక్షరాల్లో "patti" అని కొడితే హిందీలో కట్టుకట్టే పట్టీ, తమిళంలో అమ్మమ్మ, ఇంకా ఎన్నో వచ్చి కలుస్తాయి. ఒక్క "కాటన్" అంటే చీరలన్నీ వచ్చిపడతాయి. అలాంటి చోట రెండో మాట తప్పక కలపండి, లేదా తీసివేత గుర్తుతో వద్దన్న మాటను తొలగించండి: కాటన్ -చీర. మాటలు అదే వరుసలో రావాలంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టండి. గుర్తులు లేకుండా "పత్తి ధర" అంటే ఆ రెండు మాటలూ ఉన్న ఏ వెతుకులాటైనా వస్తుంది, "వరంగల్ మార్కెట్‌లో ఈరోజు పత్తి ధర" కూడా. కానీ "పత్తి రేటు" రాదు. పర్యాయపదాలను, అక్షర దోషాలను అది తనంతట కలపదు.

3. అమరికలు ఈ వరుసలోనే పెట్టండి

మొదట ప్రాంతం. భారతదేశం, దాని కింద తెలంగాణ. ఎంపికలో రాష్ట్రం దగ్గరే ఆగాలి. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ లాంటి నగరాలు కింద పట్టికలో పోలిక కోసం కనిపిస్తాయి. జిల్లాకు విడిగా గీత దొరుకుతుందని ఎవరికీ మాట ఇవ్వకండి.

రెండోది కాలం. ఇక్కడ ఎక్కువమంది జారిపడతారు. 2025 మధ్యలో ఒక విద్యార్థి మేడారం గీత పట్టుకొచ్చాడు. గత పన్నెండు నెలలు ఎంచుకున్నాడు. ఫిబ్రవరిలో గీత 100 తాకింది. "మేడారంపై ఆసక్తి ఫిబ్రవరిలో గరిష్ఠ స్థాయికి చేరింది" అని రాశాడు. లెక్క తప్పు కాదు, కానీ అది మినీ జాతర. సమ్మక్క సారలమ్మ మహాజాతర రెండేళ్లకోసారి వస్తుంది: 2022లో ఫిబ్రవరి 16 నుంచి 19, 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24, 2026లో జనవరి 28 నుంచి 31. అతను ఎంచుకున్న కాలంలో మహాజాతర లేనే లేదు కాబట్టి ఉన్నదాంట్లో పెద్దది 100 అయి కూర్చుంది. కాలాన్ని అయిదేళ్లకు మార్చి చూపించాను. అతను తెరకు దగ్గరగా వంగి 2024 ఫిబ్రవరి శిఖరాన్ని, దాని పక్కన తన గీత ఎంత కురచగా ఉందో చూసి, ఆ పేజీ కొట్టేసి మళ్లీ రాశాడు.

కాలం ఎంచుకునేటప్పుడు:

- ఏటా వచ్చే విషయమైతే (పత్తి, ఇంటర్ ఫలితాలు, బతుకమ్మ) కనీసం మూడేళ్లు.
- రెండేళ్లకోసారి వచ్చేదైతే కనీసం అయిదేళ్లు.
- వారం రోజులు ఎంచుకుంటే గంటల లెక్క, మూడు నెలలైతే రోజుల లెక్క, అయిదేళ్లైతే వారాల లెక్క, 2004 నుంచి ఎంచుకుంటే నెలల లెక్క వస్తుంది. నాలుగు రోజుల జాతరను నెలల లెక్కలో చూడటం తగదు.
- పాత కాలం చూస్తే గీత మీద 2011, 2016, 2022 జనవరి ఒకటో తేదీల దగ్గర గమనికలు కనిపిస్తాయి. ఆ తేదీల్లో గూగుల్ తన లెక్క పద్ధతిని మార్చింది. సరిగ్గా అక్కడే గీత లేచినా పడినా జనం మారారని తేల్చకండి.

మూడోది విభాగం. పత్తికి వ్యవసాయ విభాగం ఎంచుకుంటే చీరల గొడవ తగ్గుతుంది. అయితే విభాగం పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి చూడండి. మన మాటలు కొన్ని ఏ విభాగంలోనూ చేరకుండా మిగిలిపోతుంటాయి.

నాలుగోది వేదిక. వెబ్, చిత్రాలు, వార్తలు, షాపింగ్, యూట్యూబ్ అని అయిదు ఉంటాయి. ధరకు వెబ్, తెగుళ్లకు యూట్యూబ్ చూడండి. ఈ రెండింటి గీతలు ఒకదాని మీద ఒకటి పెట్టి పోల్చకూడదు, ఏ లెక్క దానిదే.

4. పదమా, అంశమా

మాట కొట్టగానే కింద రెండు రకాల సూచనలు వస్తాయి. కొన్నింటి కింద "సెర్చ్ టర్మ్" అని ఉంటుంది, అది పదం. కొన్నింటి కింద "టాపిక్" అనో, "పండుగ", "విశ్వవిద్యాలయం" లాంటి వివరమో ఉంటుంది, అది అంశం.

పదం అంటే మీరు కొట్టిన అక్షరాలు అంతే. అంశం అంటే ఆ సంగతిని ఏ భాషలో, ఏ అక్షరాల్లో వెతికినా కలిపిన మొత్తం. మేడారం, బతుకమ్మ, రామప్ప ఆలయం వంటి వాటికి అంశం దొరికితే అదే తీసుకోండి. అక్షర దోషాల బెడద తప్పుతుంది.

ఒక పదాన్ని, ఒక అంశాన్ని పక్కపక్కన పెట్టి మాత్రం పోల్చకండి. గంపను, గుప్పెడును కొలిచినట్టు ఉంటుంది.

5. 100 అంటే ఏమిటో తెలిశాకే గీత చదవండి

100 అంటే నూరు మంది కాదు, నూరు శాతం కాదు. మీరు ఎంచుకున్న ప్రాంతంలో, ఎంచుకున్న కాలంలో, అన్ని వెతుకులాటల్లో ఆ మాట వాటా ఎప్పుడు అత్యధికంగా ఉందో ఆ చోటికి 100 ఇస్తారు. మిగతావన్నీ దానితో పోలిక. 50 అంటే ఆ వాటాలో సగం. 0 అంటే ఎవరూ వెతకలేదని కాదు, లెక్కలోకి వచ్చేంతమంది లేరని.

వాటా అన్న మాటను గట్టిగా పట్టుకోండి. ఒక ఊహాలెక్క వేద్దాం. ఒక రోజు హైదరాబాద్‌లో పది లక్షల వెతుకులాటలు జరిగాయి, అందులో పత్తి ధర గురించి 5,000. వరంగల్‌లో యాభై వేలు జరిగాయి, అందులో పత్తి ధర గురించి 1,000. హైదరాబాద్ వాటా అర శాతం, వరంగల్ వాటా రెండు శాతం. నగరాల పట్టికలో వరంగల్‌కు 100, హైదరాబాద్‌కు 25 వస్తాయి. వెతికినవారి సంఖ్య మాత్రం హైదరాబాద్‌లోనే అయిదింతలు ఎక్కువ. "పత్తి ధరను హైదరాబాద్ కంటే వరంగల్‌లో ఎక్కువమంది వెతికారు" అని రాస్తే అది తప్పు. "వరంగల్ వెతుకులాటల్లో పత్తి ధరకు ఎక్కువ వాటా ఉంది" అని రాస్తే ఒప్పు.

ఇదే కాలానికీ వర్తిస్తుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక చౌకైన డేటాతో పల్లెలు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. అంతకు ముందు వెతికినవారిలో పట్టణాల చదువరులే ఎక్కువ. మొత్తం వెతుకులాటలు పెరిగినప్పుడు, అంతే సంఖ్యలో వెతికే మాట గీత కూడా కిందికి దిగుతుంది. కాబట్టి 2010 గీతను 2025 గీతతో పోల్చి "యువతకు ఫలానా దానిపై ఆసక్తి చచ్చిపోయింది" అనకండి.

ఇంకో సంగతి. ట్రెండ్స్ మొత్తం వెతుకులాటలను లెక్కపెట్టదు, నమూనా తీసి చూస్తుంది. పెద్ద మాటలకు తేడా తెలియదు. మన ఊరి చిన్న మాటలకు మాత్రం ఈరోజు చూసిన అంకెలు రేపు కొంచెం మారతాయి. అందుకే మూడు వేర్వేరు రోజుల్లో అదే అమరికతో చూసి, ప్రతిసారీ సీఎస్‌వీ ఫైలు (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) దించుకుని, మూడింటి సగటు తీయండి. మూడు రోజులూ శిఖరం ఒకే వారంలో ఉంటే నమ్మండి. వారం మారుతుంటే ఆ శిఖరం గురించి రాయకండి.

నగరాల పట్టికలో అదనపు జాగ్రత్త అవసరం. వెతికిన మనిషి ఎక్కడున్నాడో ఇంటర్నెట్ కనెక్షన్‌ను బట్టి చేసే అంచనా అది. మొబైల్ డేటా వాడే మనిషి ములుగులో ఉన్నా పెద్ద నగరం ఖాతాలో పడే వీలుంది.

6. గీత చదునుగా ఉంటే, అసలు రాకపోతే

"తగినంత డేటా లేదు" అని వస్తే ఈ వరుసలో ప్రయత్నించండి:

- కాలాన్ని పెంచండి.
- పర్యాయపదాలను కూడిక గుర్తుతో కలపండి. తెలుగు లిపి మాటనూ ఇంగ్లీషు అక్షరాల మాటనూ ఒకే పెట్టెలో పెట్టవచ్చు.
- ఊరి పేరు తీసేసి రాష్ట్రం స్థాయిలో చూడండి. "ఎనుమాముల పత్తి ధర" రాకపోయినా "పత్తి ధర" రావచ్చు.
- పట్టికలో తక్కువ వెతుకులాట ఉన్న ప్రాంతాలను కూడా చూపమనే గడిలో టిక్కు పెట్టండి.

పోలికలో ఒక మాట మిగతావాటిని మింగేయడం ఇంకో ఇబ్బంది. ఒకేసారి కొన్ని మాటలు పోల్చవచ్చు కదా అని పత్తి ధరను ఐపీఎల్ పక్కన పెడితే పత్తి గీత నేలకు అతుక్కుపోతుంది. రెండూ పోల్చక తప్పకపోతే మధ్యలో వంతెన మాట వాడండి. ముందు పెద్ద మాటను మధ్యస్థ మాటతో పోల్చండి: సగటున పెద్దది 100 ఉంటే మధ్యది 10 అనుకుందాం. తర్వాత మధ్యదాన్ని చిన్నదానితో పోల్చండి: మధ్యది 100 ఉంటే చిన్నది 20. అంటే మొదటి కొలతలో చిన్నది 2. రెండుసార్లూ ప్రాంతం, కాలం ఒకటే ఉండాలి.

7. సంబంధిత వెతుకులాటలు: అసలు కబురు ఇక్కడే ఉంది

గీత కింద ఉండే ఈ పట్టికను చాలామంది చూడకుండానే వెళ్లిపోతారు. నేనైతే గీత కంటే దీనికే ఎక్కువ సమయం ఇస్తాను. జనం మీ మాటతోపాటు ఇంకేమి వెతికారో చెప్పేది ఇదే.

ఇందులో రెండు వరుసలు ఉంటాయి. "టాప్" అంటే ఎక్కువగా వెతికినవి, ఇవి ఎప్పుడూ దాదాపు ఒకేలా ఉంటాయి. "రైజింగ్" అంటే అంతకు ముందు కాలంతో పోలిస్తే బాగా పెరిగినవి. శాతానికి బదులు "బ్రేకవుట్" అని ఉంటే అయిదు వేల శాతానికి మించి పెరిగిందని అర్థం. అది విని బెదిరిపోనక్కర్లేదు. ఇద్దరు వెతికే మాటను నూటయాభై మంది వెతికినా అంత శాతం వస్తుంది. కొత్తగా పుట్టిన మాట అని మాత్రం తెలుస్తుంది, పెద్ద మాట అని తెలియదు.

పత్తికి ఇలా చేయండి. కాలాన్ని ఒక్కో నెలకు కుదించి, జూన్ నుంచి జనవరి వరకు ఎనిమిది సార్లు పట్టిక దించుకోండి. ఎనిమిదీ పక్కపక్కన పెట్టండి. మిత్రుడి కౌంటర్ దగ్గర నేను రాసుకున్న పుస్తకంలో జూన్ పేజీల నిండా విత్తనాల కంపెనీల పేర్లు ఉన్నాయి. ఆగస్టులో యూరియా, ఆకు ముడత, పురుగు. అక్టోబరులో ధర. నవంబరు మొదట్లో కొనుగోలు కేంద్రం ఎప్పుడు తెరుస్తారు, తేమ ఎంత ఉండాలి. మద్దతు ధర పూర్తిగా దక్కాలంటే తేమ 8 శాతం మించకూడదు, 12 దాటితే సీసీఐ కొనదు. అందుకే పత్తి ఆరబోసుకుని కూర్చున్న రైతుకు ఆ అంకె ప్రాణం. డిసెంబరులో ఒకే ఒక్క ప్రశ్న: పైసలు పడ్డాయా? మీ ఎనిమిది పట్టికల్లో ఇలాంటి వరుస కనిపిస్తుందో లేదో చూడండి. కనిపించని నెల దగ్గర ప్రశ్నార్థకం పెట్టుకోండి.

8. "ట్రెండింగ్ నౌ", ఏడాది చివరి జాబితాలు

వీటి గురించి క్లుప్తంగా చెబితే చాలు. "ట్రెండింగ్ నౌ" పేజీలో గత కొద్ది గంటల నుంచి ఏడు రోజుల వరకు ఒక్కసారిగా ఎగసిన మాటలు వస్తాయి. పక్కన ఉండే సంఖ్య ఉజ్జాయింపు. క్రికెట్ మ్యాచ్‌లు, సినిమాలు, ఫలితాలే ఎక్కువగా ఉంటాయి. చానల్ నడిపేవారికి పనికొస్తుంది, జనం అవసరాలు తెలుసుకోవాలనుకునేవారికి అంతగా కాదు.

డిసెంబరులో గూగుల్ విడుదల చేసే ఏడాది జాబితాను పత్రికలు "అత్యధికంగా వెతికినవి" అని రాస్తుంటాయి. అది సరికాదు. ముందు ఏడాదితో పోలిస్తే బాగా ఎగసినవాటి జాబితా అది. 2024లో భారత్ జాబితాలో ఐపీఎల్ మొదటిది, టీ20 ప్రపంచకప్ రెండోది. రోజూ కోట్లమంది వెతికే వాతావరణం, యూట్యూబ్ లాంటి మాటలు ఏటా ఒకేలా ఉంటాయి కాబట్టి అందులోకి రావు.

9. సంఖ్యలే కావాలంటే

ట్రెండ్స్‌లో ఎంతమంది అన్నది రాదు. దానికి గూగుల్ యాడ్స్ ఖాతా తెరిచి కీవర్డ్ ప్లానర్ చూడాలి. అందులో నగరం స్థాయి వరకు ప్రాంతం ఎంచుకోవచ్చు. ప్రకటనలకు డబ్బు పెట్టని ఖాతాకు నెలకు "వెయ్యి నుంచి పది వేలు" లాంటి విశాలమైన అంచనా మాత్రమే చూపుతుంది. చిన్న దుకాణానికి ఆ అంచనా సరిపోతుంది. మీకు సొంత వెబ్‌సైటు ఉంటే సెర్చ్ కన్సోల్‌లో మీ పేజీలకు జనం ఏ మాటలతో వచ్చారో కనిపిస్తుంది. అది అన్నిటికంటే నమ్మదగిన జాబితా.

10. తెర ముందు నుంచి లేచి నిర్ధారించుకోండి

వెతికినంత మాత్రాన ఇష్టం ఉన్నట్టు కాదు. ఒక పథకం పేరు ఎక్కువగా వెతికారంటే దాన్ని మెచ్చుకున్నట్టూ కాదు, తిట్టినట్టూ కాదు. డబ్బు పడలేదని వెతికి ఉండవచ్చు, ఎవరో చెబితే అర్హత ఉందా అని చూసి ఉండవచ్చు.

వార్త వల్ల పుట్టే వెతుకులాటను అవసరం వల్ల పుట్టే వెతుకులాటతో కలపకండి. గూగుల్ సంస్థే ఇందులో దెబ్బతింది. జనం వెతికే మాటలతో ఫ్లూ జ్వరాల అంచనా వేసే సేవను 2008లో మొదలుపెట్టింది. 2012-13 శీతాకాలంలో అమెరికాలో ఫ్లూ లక్షణాలతో వైద్యుల దగ్గరకు వెళ్లినవారి అసలు లెక్కకు రెట్టింపు కంటే ఎక్కువ చూపింది. 2015లో ఆ అంచనాలను ప్రచురించడం ఆపేశారు. జ్వరం వచ్చినవాళ్లే కాదు, జ్వరం వార్త చదివినవాళ్లు కూడా వెతుకుతారు. మన దగ్గర వానాకాలంలో డెంగీ అని వెతికేవారంతా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి వరుసలో నిలబడినవారు కాదు.

రెండింటినీ వేరు చేయడానికి నేను చూసేవి:

- శిఖరం ఒకటి రెండు రోజుల్లో లేచి పడిపోతే వార్త, వారాల తరబడి ఏటా అదే కాలంలో ఉంటే అవసరం.
- "ఎలా", "ఎంత", "ఎప్పుడు", "స్టేటస్", "దరఖాస్తు" లాంటి మాటలు పక్కన ఉంటే అవసరం. వ్యక్తుల పేర్లు, "వీడియో", "తాజా" ఉంటే వార్త.
- న్యూస్ వేదిక గీత, వెబ్ గీత ఒకే రోజు లేస్తే వార్త అని అనుమానించండి.

ఆ తర్వాత మనుషుల్ని అడగండి. పత్తి ప్రశ్నకైతే ఎనుమాముల మార్కెట్ యార్డులో ఒక ఉదయం, మీసేవ కేంద్రంలో ఒక మధ్యాహ్నం చాలు. "ఫోనులో చివరిసారి దేని గురించి వెతికారు?" అని కాకుండా "ఈ వారం తెలియక ఇబ్బంది పడిన సంగతి ఏమిటి? ఎవరిని అడిగారు?" అని అడగండి. సగం మంది కొడుకునో, ఎరువుల దుకాణదారునో, వాట్సాప్ బృందాన్నో అడిగామంటారు. ఆ ప్రశ్నలేవీ గూగుల్‌కు చేరవు, ఆడవాళ్లవి మరీను. పత్తి ఏరేది ఎక్కువగా వాళ్లే అయినా ఇంట్లో ఉన్న ఒక్క ఫోను వాళ్ల చేతిలో ఉండేది ఎంతసేపు?

జనం చెప్పిన మాటలు రాసుకునేటప్పుడు వారి పేర్లు, ఫోను నంబర్లు, వారి ఊరి పేర్లు రాసుకోకండి. 2006లో ఏఓఎల్ సంస్థ పరిశోధన కోసమని దాదాపు ఆరున్నర లక్షల మంది వెతుకులాటలను పేర్లు తీసేసి బయటపెట్టింది. కొద్దిరోజుల్లోనే ఒక పత్రిక అందులోంచి ఒక మహిళను గుర్తుపట్టి ఆమె ఇంటికి వెళ్లింది. ఊరు చిన్నదైతే పోల్చుకోవడం ఇంకా తేలిక.

11. రాసి బయటపెట్టే ముందు

ఫలితాన్ని ఎలా రాయాలో రెండు జతలు చూడండి.

తప్పు: "వరంగల్‌లో 100 శాతం మంది పత్తి ధర వెతుకుతున్నారు."
ఒప్పు: "తెలంగాణ నగరాల్లో పత్తి ధరకు వెతుకులాటల్లో ఎక్కువ వాటా ఉన్నది వరంగల్‌లో."

తప్పు: "రైతుబంధును జనం మరిచిపోయారు."
ఒప్పు: "పథకం పేరు మారాక పాత పేరుతో వెతకడం తగ్గింది, రెండు పేర్లూ కలిపి చూస్తే గీత ఇలా ఉంది."

ఆఖరి తనిఖీ:

- ప్రాంతం, కాలం, విభాగం, వేదిక, చూసిన తేదీ గ్రాఫ్ కిందే రాశారా?
- తెలుగు లిపి, ఇంగ్లీషు అక్షరాలు, పాత పేరు, కొత్త పేరు అన్నీ చూశారా?
- మూడు రోజులు చూసి సగటు తీశారా?
- పదాన్ని అంశంతో పోల్చలేదు కదా?
- వాటా అని రాయాల్సిన చోట సంఖ్య అని రాయలేదు కదా?
- శిఖరం దగ్గర ఆ వారం వార్తలు చదివారా?
- కనీసం పదిమందిని నేరుగా అడిగారా? వారిలో ఆడవాళ్లు ఎందరు?

సీఎస్‌వీ ఫైళ్లను తేదీతో పేరు పెట్టి దాచుకోండి. వచ్చే జూన్‌లో తొలకరి పడి విత్తనాల దుకాణాల ముందు జనం చేరినప్పుడు, ఇదే మాటల జాబితాతో, ఇవే అమరికలతో మళ్లీ తెరిచి, ఎనిమిది నెలల పట్టికలో ప్రశ్నార్థకం పెట్టుకున్న గడులను ముందుగా నింపండి.